వేళ్లు విప్పితే జూమ్ అయిపోతుందా?

విశాఖపట్నంలో పోర్టు మనిషీ స్టీల్‌ప్లాంటు మనిషీ ఒకే ఇంటి బంధువులైతే వాదానికి విషయం వెతుక్కోనక్కర్లేదు. మా బావ పోర్టులో సర్వే లాంచీల మీద సముద్రం లోతులు కొలుస్తూ రిటైరయ్యాడు. మా తమ్ముడు ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. కంట్రోల్ రూము తెరలతోనే అతని రోజు గడుస్తుంది. ఈసారి మంట పెట్టింది బావ కూతురు. ఎంటెక్ ప్రాజెక్టు కోసం ‘జూమింగ్ యూజర్ ఇంటర్‌ఫేస్‌లు’ అని ఒక పట్టిక వేసుకుంది. ఫోను మ్యాపు, ఓడ మీది ఎలక్ట్రానిక్ చార్టు, ప్రెజెంటేషన్లు చేసే ప్రెజీ, విండోస్ 8, ఫోటో గ్యాలరీ, మావయ్య చెప్పిన కంట్రోల్ రూము తెర, అన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. బావ అందులో సగం కొట్టేశాడు. కొట్టేసినవాటిలో తమ్ముడి తెర కూడా ఉంది. ఇక చెప్పేదేముంది!

నేను మధ్యవర్తిని కాను. ఎవరి పక్షమో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

తమ్ముడు: ఏటి బావా, నా తెర ఏం పాపం చేసింది? ఫర్నేసు మొత్తం ఒక బొమ్మలో ఉంటుంది. వేడిగాలి స్టవ్‌ల మీద నొక్కితే స్టవ్‌ల బొమ్మ వస్తుంది. అందులో ఒక వాల్వు మీద నొక్కితే అది ఎంత తెరుచుకుందో, గంటసేపటి నుంచి దాని గీత ఎలా నడిచిందో వస్తుంది. మొత్తం నుంచి ముక్కకి దిగుతున్నాం. ఇది జూమ్ కాకపోతే మరేటి?

బావ: పేజీ తిప్పడం. నొక్కావు, పాత బొమ్మ పోయింది, కొత్త బొమ్మ వచ్చింది. ఆ రెండిటికీ మధ్య ఏముంది? ఏమీ లేదు. మొదటి బొమ్మలో స్టవ్‌లు ఎడం చేతి వైపున్నాయి. రెండో బొమ్మలో అవే తెరంతా అడ్డంగా పరుచుకున్నాయి. మూడోదాంట్లో వాల్వు నట్టనడుమ కూర్చుంది. ఏది ఎక్కడున్నదో నీ కన్ను గుర్తుపెట్టుకోలేదు, మెనూ గుర్తుపెట్టుకుంది.

తమ్ముడు: నీ చార్టులో గుర్తుపెట్టుకుంటుందా?

బావ: పెట్టుకుంటుంది. బంగాళాఖాతం మొత్తం తెర మీద ఉంది అనుకో. దగ్గరికి లాగు. తీరం వచ్చింది. ఇంకా లాగు. డాల్ఫిన్స్ నోస్ కొండ వచ్చింది. దాన్నానుకుని ఉత్తరాన లోపలికి పోయే చానెల్, చానెల్ దాటితే టర్నింగ్ బేసిన్, అక్కణ్ణించి ఇన్నర్ హార్బర్ ఆర్ములు. చానెల్ ఏ స్కేలులో చూసినా కొండకి ఉత్తరానే. లోపలికి ఎంత దిగినా నువ్వు వచ్చిన దారి నీ వెనకాలే ఉంటుంది, ‘హోమ్’ బటను వెతుక్కోనక్కర్లేదు. ఉన్న చోటే దాని చిరునామా. అదీ మొదటి లక్షణం.

తమ్ముడు: ఈ లక్షణం ఎవరు పెట్టారు? నువ్వా?

బావ: పిల్ల తెచ్చిన కాగితాలన్నీ చదివాను లేరా. 1993లో న్యూయార్క్ యూనివర్సిటీలో కెన్ పెర్లిన్, డేవిడ్ ఫాక్స్ అని ఇద్దరు ‘ప్యాడ్’ అని ఒకటి చేసి చూపించారు. కిటికీలూ ఫోల్డర్లూ తీసేసి, అంతులేని ఒకే కాగితం పరిచారు. నీ ఉత్తరాలు, లెక్కలు, క్యాలెండరు, ఏదైనా సరే ఆ కాగితం మీద ఏదో ఒక చోట, ఏదో ఒక సైజులో ఉంటుంది. కావాలంటే అక్కడికి జరిగి, దగ్గరికి వెళ్తావు. మరుసటేడు బెడర్సన్, హాలన్ దాన్నే ‘ప్యాడ్++’ అని పెంచారు.

తమ్ముడు: అంతకు ముందు ఎవరూ చెయ్యలేదా?

బావ: చేశారు. 1963లోనే ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్‌లో గీసిన బొమ్మని దగ్గరికి లాగి చూసే ఏర్పాటుంది. 1970ల చివర్లో ఎంఐటీవాళ్లు ‘డేటాలాండ్’ అని గోడంత తెర పెట్టి, ఎదురుగా కుర్చీ వేసి, కుర్చీ చేతుల మీద జాయ్‌స్టిక్కులు బిగించారు. కూర్చున్నవాడు దస్త్రాల మీద ఎగురుకుంటూ పోతాడు.

(ఆ కుర్చీ ఈమ్స్ దంపతులు డిజైన్ చేసిన రకం. 1958లో మన దేశానికి ‘ఇండియా రిపోర్ట్’ రాసిచ్చి, అహ్మదాబాద్ ఎన్‌ఐడీ పుట్టడానికి కారణమైన చార్లెస్, రే ఈమ్స్‌లే వీళ్లు. 1977లో ‘పవర్స్ ఆఫ్ టెన్’ అని వాళ్లు తీసిన చిన్న సినిమా షికాగోలో పిక్నిక్ దుప్పటి మీద మొదలై, ప్రతి అడుగులో పదింతలు దూరం జరుగుతూ విశ్వం అంచుకి పోయి, తిరిగొచ్చి మనిషి చేతి చర్మంలోకి దిగుతుంది. జూమ్ అంటే ఏమిటో అంత బాగా చూపించిన వస్తువు ఇంకోటి నేను చూడలేదు. కానీ పట్టికలోంచి దాన్ని నేనే కొట్టేస్తాను. జూమ్ పగ్గాలు చూసేవాడి చేతిలో లేవు. అది సినిమా. ఆ లెక్కన ప్రెజీ సంగతి తమాషాగా ఉంటుంది. తయారుచేసేవాడికి అది జూమింగ్ ఇంటర్‌ఫేస్. ఎదురుగా కూర్చుని తలతిప్పుతో చూసేవాళ్లకి సినిమా.)

తమ్ముడు: సరే, ఉన్న చోటే చిరునామా అన్నావు. పెళ్లి ఫోటో మీద రెండు వేళ్లు విప్పితే అత్త ముక్కుపుడక కనిపిస్తుంది. ముక్కుపుడక జరగలేదు, ముక్కు మీదే ఉంది. నీ లక్షణం సరిపోయింది. మరి ఫోటో గ్యాలరీని ఎందుకు కొట్టేశావు?

బావ: ముక్కుపుడక పెద్దదైంది. అంతేగానీ కొత్త సంగతేమన్నా చెప్పిందా? దూరంగా ఉన్నప్పుడు ఉన్న చుక్కలే దగ్గరికొచ్చాక కూడా. ఇంకా లాగితే గళ్లు గళ్లుగా విడిపోతుంది. అది భూతద్దం పని. జూమింగ్ ఇంటర్‌ఫేస్‌లో దూరాన్ని బట్టి చూపించేది మారాలి. దాన్నే ఆ ప్యాడ్ గురించి రాసిన వ్యాసంలో ‘సెమాంటిక్ జూమ్’ అన్నారు. దూరంగా ఉంటే పేరు, కొంచెం దగ్గరికొస్తే సారాంశం, ఇంకా దగ్గరికొస్తే పూర్తి పాఠం.

తమ్ముడు: అయితే వంటింట్లో వెంకట్రామా క్యాలెండరు కూడా జూమింగ్ ఇంటర్‌ఫేసే! గుమ్మంలోంచి చూస్తే తారీఖు మాత్రమే కనిపిస్తుంది. ఎర్ర అంకె అయితే సెలవని తెలుస్తుంది. దగ్గరికెళ్తే తిథి, నక్షత్రం. కళ్లజోడు పెట్టుకుని మరీ దగ్గరికెళ్తే వర్జ్యం, దుర్ముహూర్తం. దూరాన్ని బట్టి చూపించేది మారింది. ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంది. పైగా పగ్గాలు చూసేవాడి కాళ్లలోనే ఉన్నాయి.

బావ: ...

(ఇక్కడ బావ కాసేపు మాట్లాడలేదు. నాకూ వెంటనే జవాబు తోచలేదు. నిజానికి ఆ క్యాలెండరు గడిలో ఉన్న తెలివి చాలా యాప్‌లలో లేదు. దూరం నుంచి చదవాల్సినదానికి దూరం నుంచి కనబడే సైజు, దగ్గర నుంచి చదవాల్సినదానికి దగ్గరి సైజు.)

బావ: మంచి మాటే అన్నావు. కానీ అందులో ఏదీ మాయమవదు, ఏదీ పుట్టుకురాదు. అన్నీ ఎప్పుడూ అచ్చయి ఉంటాయి, నీ కన్నుకి అందవంతే. అందుకే గడిలో పట్టినంతే రాయగలడు. తెరకి ఆ హద్దు లేదు. ఫోను మ్యాపు లెక్క చూడు. భూమి మొత్తాన్ని ఒక పలక మీద పెడతారు. ఒక మెట్టు దిగితే నాలుగు పలకలు, ఇంకో మెట్టుకి పదహారు, అలా ప్రతి మెట్టుకీ నాలుగింతలు. ఇరవయ్యో మెట్టుకి లక్ష కోట్ల పలకలు దాటుతాయి. ఏ గోడ మీద అచ్చు వేస్తావు? నువ్వు నిలబడిన చోటుకి కావాల్సిన పిడికెడు పలకలే తెచ్చి చూపిస్తుంది.

తమ్ముడు: మన హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల ‘భువన్’ కూడా అంతేనా?

బావ: అదీ ఆ జాతిదే. 2009 ఆగస్టు 12న తెరిచారు. ఉపగ్రహం బొమ్మల్ని అలాగే మెట్లు మెట్లుగా దిగి చూడొచ్చు. దాన్ని పట్టికలో నేనే చేర్చాను.

తమ్ముడు: ఇప్పుడు దొరికావు. ‘మెట్లు’ అన్నావు. ఇందాక నా తెరని పేజీ తిప్పడం అని తీసిపారేశావు. నీ మ్యాపు కూడా మెట్ల మీద గెంతుతోంది కదా. నీ ఓడ చార్టు సంగతి నాకు తెలియదనుకున్నావా? అందులో ఆరు బ్యాండ్లు. ఓవర్‌వ్యూ, జనరల్, కోస్టల్, అప్రోచ్, హార్బర్, బెర్తింగ్. ఒక బ్యాండు నుంచి ఇంకోదానికి మారేటప్పుడు తీరం గీత చటుక్కున ఆకారం మార్చుకుంటుంది. అంతదాకా సాఫీగా ఉన్న ఒడ్డుకి వంకర్లు పుట్టుకొస్తాయి. అది పేజీ తిప్పడం కాదా?

బావ: గెంతుతుంది. కాదనను. ఆ చార్టులు వేరువేరుగా తయారైనవే. ఒక్కోటి ఒక్కో స్కేలుకి. కానీ ఏ చార్టులోనైనా డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ అక్షాంశం, రేఖాంశం ఒకటే. బొమ్మ మారినా నేల మారలేదు. కింద ఒకటే నేల ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. సాఫీగా జారడం కంటికి సౌఖ్యం, అంతే.

తమ్ముడు: అంటే యానిమేషన్ ముఖ్యం కాదు.

బావ: ముఖ్యం కాదు. సాఫీగా ఎగిరిపోయే తెరలు బోలెడున్నాయి. ఐకాను నొక్కితే అది ఉబ్బి తెరంతా నిండుతుంది. చూడ్డానికి జూమ్‌లా ఉంటుంది. లోపల పేజీ తిప్పడమే.

(ఈ ఒక్క మాట దగ్గర పట్టిక సగం తేలిపోయింది. ఉబ్బడం, ఎగరడం, జారడం చూసి మోసపోవద్దు. రెండు బొమ్మల్నీ ఒకే కొలతల నేల మీద పరచగలమా అన్నది అడగాలి. విండోస్ 8లో 2012లో ‘సెమాంటిక్ జూమ్’ అనే పేరుతోనే ఒక వసతి ఇచ్చారు. వేళ్లు దగ్గరికి లాగితే స్టార్ట్ తెర మీద పలకలన్నీ చిన్నవై గుంపులుగా కనిపించేవి. నేల ఒకటే, గుంపులు ఉన్న వరుసలోనే ఉండేవి. కాకపోతే రెండే అంతస్తులు. నా లెక్కలో అది అర్హత ఉన్నదే, కాని మరీ పొట్టిది.)

తమ్ముడు: అయితే నా కష్టం విను. ఓడకి నేల ఉంది, దేవుడిచ్చాడు. నా ఫర్నేసుకి ఏం నేల? గాలి గొట్టం ఒక మూల నుంచి వస్తుంది, నీళ్లు ఇంకో మూల నుంచి, కరెంటు మూడో మూల నుంచి. ఇవన్నీ ప్లాంటులో నిజంగా ఉన్న చోట్లలో గీస్తే ఆపరేటరుకి ఒక్క ముక్క అర్థం కాదు. మాకు కావాల్సింది చోటు కాదు, వరుస. ఏది తరవాత ఏది, దేనివల్ల ఏది. అందుకే ఐఎస్ఏ-101 అని 2015లో వచ్చిన ప్రమాణంలో కూడా తెరల్ని నాలుగు అంచెలుగా కట్టమన్నారు. మొత్తం చూపు ఒకటి, యూనిట్ ఒకటి, వివరం ఒకటి, రోగనిర్ణయం ఒకటి. జూమ్ చెయ్యమనలేదు.

బావ: నేల దేవుడే ఇవ్వక్కర్లేదు. మనమూ గీసుకోవచ్చు. గీసుకున్నాక దానికి కట్టుబడి ఉండాలి. కంప్యూటరు కంపెనీల్లో పెద్దవాడు జెఫ్ రాస్కిన్, ఆపిల్‌లో 1979లో మెకింటోష్ పని మొదలుపెట్టినవాడు, 2000లో రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. మెనూల్లో, ఫోల్డర్లలో జనం దారి తప్పుతున్నారు, అన్నీ ఒకే మైదానంలో పరిచేయండి, మనిషికి చోటు గుర్తుంటుంది అని. ఆ మైదానానికి ‘జూమ్‌వరల్డ్’ అని పేరు పెట్టాడు.

తమ్ముడు: వచ్చిందా మరి జూమ్‌వరల్డ్? నీ చేతిలో ఫోను ఉంది, చూపించు.

బావ: రాలేదు.

తమ్ముడు: అదీ సంగతి! ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు, మ్యాపుల్లో తప్ప నిలబడలేదు. 2011లో ఆ బెడర్సనే వెనక్కి తిరిగి చూసుకుంటూ ఒక వ్యాసం రాశాడు, పిల్ల నాకూ పంపింది. జూమ్ అన్నిచోట్లా నప్పదని ఆయనకే తెలిసొచ్చింది.

(ఈ దెబ్బ తమ్ముడిదే. చేర్చాల్సింది ఒకటుంది. ఎక్కడ నిలబడిందో అక్కడ మాత్రం దానికి పోటీ లేకుండా పోయింది. మ్యాపులో పేజీ తిప్పే రోజులు ఇక రావు.)

బావ: దారి తప్పడం మాకూ ఉంది, ఒప్పుకుంటాను. విశాఖకీ అండమాన్‌కీ మధ్య సముద్రంలో చార్టుని బాగా దగ్గరికి లాగు. తెరంతా నీలం. ఎక్కడో ఒక లోతు అంకె. అది కూడా లేకపోతే ఏ మూల ఉన్నావో, ఎటు లాగాలో తెలియదు. 1998లో సూజన్ జుల్, జార్జ్ ఫర్నస్ ఈ జబ్బుకి ‘ఎడారి మంచు’ అని పేరు పెట్టారు. మంచు కమ్మిన ఎడారిలో ఏ దిక్కు చూసినా ఒకటే. అందుకని ఖాళీలో కూడా ఏదో ఒక గుర్తు ఉండాలి, దగ్గర్లో ఫలానాది ఉంది అని. ఓడ తెర మీద స్కేలు, ఉత్తర బాణం తీసెయ్యడానికి వీల్లేదని నియమం పెట్టింది ఊరికే కాదు.

తమ్ముడు: నీలం తెర కన్నా పెద్ద ప్రమాదం ఉంది బావా. 2014 నవంబరు 29 గుర్తుందా? ప్రపంచం చుట్టే తెరచాప పడవల పందెం, వోల్వో ఓషన్ రేస్. కేప్‌టౌన్ నుంచి అబూదాబీకి వెళ్తోంది ‘వెస్టాస్ విండ్’. చీకటిలో మారిషస్‌కి చెందిన కార్గడోస్ కరాహోస్ పగడపు దిబ్బ మీదికి నేరుగా ఎక్కేసింది. పడవలో తొమ్మిదిమంది. అదృష్టం, అందరూ బతికారు. చార్టులో ఆ దిబ్బ లేదా? ఉంది. వాళ్ల కంప్యూటర్లో ఉన్న చార్టులోనే ఉంది. వాళ్లు చూసిన స్కేలులో కనబడలేదు. తగినంత దగ్గరికి లాగి చూడలేదు. కాగితం చార్టు మీద అయితే దిబ్బ ఎటూ పోయేది కాదు. నీ సెమాంటిక్ జూమే, దూరాన్ని బట్టి చూపించేది మారాలి అన్న నీ రెండో లక్షణమే, ఆ దిబ్బని మింగేసింది.

బావ: ఆ విచారణ నివేదిక 2015లో వచ్చింది. చదివాను. లాగి చూడకపోవడం పడవవాళ్ల తప్పన్నారు. దూరపు స్కేలులో ప్రమాదాన్ని చూపించిన తీరు లోపమని కూడా అన్నారు. రెండో ముక్క మర్చిపోకు.

తమ్ముడు: మర్చిపోలేదు. అదే నా వాదం. నువ్వు గొప్పగా చెప్పుకునే గుణమే ప్రాణం తీసే గుణం.

బావ: కాదు. దాని నియమం తప్పితే తీస్తుంది. విను. నేను లాంచీ మీద ఎకో సౌండర్ పెట్టుకుని చానెల్లో అడ్డంగా నిలువుగా తిరిగి వందల లోతులు రాసుకొచ్చేవాణ్ణి. అక్కడ దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక కొట్టుకొస్తూనే ఉంటుంది, డ్రెడ్జరు తవ్వుతూనే ఉంటుంది, మేం కొలుస్తూనే ఉండేవాళ్లం. ఆ వందల అంకెల్లో చార్టు మీద పట్టేవి నాలుగో అయిదో. ఏవి ఉంచాలి? సగటు తియ్యకూడదు. అందంగా సమదూరంలో ఉన్నవి ఏరకూడదు. అన్నిటికన్నా తక్కువ లోతు ఉంచాలి. పన్నెండు మీటర్ల నడుమ ఒక్కచోట తొమ్మిది ఉంటే, పన్నెండ్లన్నీ పోయినా పర్లేదు, ఆ తొమ్మిది పోకూడదు. స్కేలు చిన్నదయ్యేకొద్దీ ప్రమాదం మిగలాలి, క్షేమం చెరిగిపోవాలి. చార్టు గీసేవాళ్లకి ఇది మొదటి పాఠం.

తమ్ముడు: కంప్యూటరుకి ఆ పాఠం ఎవరు చెప్పారు?

బావ: చెప్పారు. ఓడల మీది ఎలక్ట్రానిక్ చార్టు యంత్రం, ఈసీడీఐఎస్, వేరు, ఆ పందెం పడవలో వాడిన సాఫ్ట్‌వేరు వేరు. ఈసీడీఐఎస్‌ని 2012 నుంచి 2018 దాకా విడతలవారీగా పెద్ద ఓడలకి తప్పనిసరి చేశారు. అందులో ‘డిస్‌ప్లే బేస్’ అని ఒకటుంటుంది. తీరం గీత, ఓడ మునుగుడుని బట్టి మనం పెట్టుకున్న సేఫ్టీ కాంటూరు అనే లోతు గీత, దానికన్నా తక్కువ లోతులో దాగి ఉన్న ఒంటరి ప్రమాదాలు. వీటిని కెప్టెన్ కూడా తెర మీంచి తీసెయ్యలేడు. మిగతా చిన్నాచితకా వాటికి ఏ స్కేలు దాటితే మాయమవాలో ఒక్కోదానికి రాసిపెడతారు. ఇంకోటి. తెర మీద నువ్వు ఎంత దూరపు చూపు పెట్టుకున్నా, ఒడ్డెక్కే ప్రమాదం ఉందా లేదా అని యంత్రం లోపల చూసేది తన దగ్గరున్న అతి వివరమైన చార్టునే. అటుపక్క అతి చేసినా చెబుతుంది. చార్టు తయారైన స్కేలుని మించి నువ్వు దగ్గరికి లాగితే ‘ఓవర్‌స్కేల్’ అంటుంది. అంకె పెద్దదైంది గానీ నిజం పెరగలేదని దానర్థం.

తమ్ముడు: ఇప్పుడు నా మాట వింటావా? నువ్వు చెప్పిన ఈ ముక్క మా దగ్గర నీ ఎలక్ట్రానిక్ చార్టుకన్నా పాతది. కంప్యూటరు తెరలు రాకముందు కంట్రోల్ రూముల్లో గోడ పొడుగునా ప్లాంటు బొమ్మ గీసిన మిమిక్ ప్యానెల్ ఉండేది. దాని పైన వరసగా చిన్న చిన్న గాజు గడులు, ఎనన్సియేటర్. ఒక్కో గడి మీద ఒక్కో సంగతి చెక్కి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే ఆ గడి వెలిగి ఆరుతూ మోగుతుంది. అక్నాలెడ్జ్ కొడితే మోత ఆగుతుంది, దీపం మాత్రం తేడా సర్దుకునేదాకా ఆరదు.

బావ: ఆ గడి ఎప్పుడూ అదే చోట ఉంటుందా?

తమ్ముడు: చచ్చినా జరగదు. పాతకాపులు గడి మీద రాతే చదవరు. ‘పై వరస, కుడి నుంచి మూడోది’ అంటే ఏమైందో చెప్పేస్తారు. ఇప్పుడు తెర మీద ఓవర్‌వ్యూ బొమ్మ చూడు. ఫర్నేసు అంటే మా గోదావరో కృష్ణో అన్నపూర్ణో, ఏదైనా సరే, మేడలంత ఎత్తున్న కొలిమి. దాని కింది భాగంలో చుట్టూ వేడిగాలి ఊదే రాగి ముక్కులుంటాయి, టుయర్లు. లోపల నీళ్లు తిరుగుతుంటేనే అవి కరగకుండా ఉంటాయి. ఓవర్‌వ్యూ బొమ్మలో టుయర్ ఆవగింజంత కూడా ఉండదు. కానీ ఒక్క టుయర్‌కి చిల్లు పడి, పోయిన నీళ్లకీ తిరిగొచ్చిన నీళ్లకీ తేడా వచ్చిందనుకో, ఆ నీళ్లు కొలిమిలోకి పోతున్నాయన్నమాట. అంతకన్నా పెద్ద వార్త ఆ క్షణంలో ఫర్నేసులో లేదు. ఆ ఆవగింజ అప్పుడు తెర మీద అన్నిటికన్నా పెద్దదై కూర్చోవాలి. మా దగ్గర అలారం స్కేలు చూడదు బావా. సైజుని బట్టి చూపించడం కాదు, అవసరాన్ని బట్టి చూపించాలి.

బావ: ఇది ముందే చెప్పొచ్చుగా! నువ్వు నొక్కి నొక్కి పేజీలు తిప్పే తెరని జూమ్ అని తగువుకొచ్చావు. అసలు సరుకు ఆ అలారం గడుల్లో ఉంది.

తమ్ముడు: అయితే నా తెర పట్టికలోకి వచ్చినట్టేనా?

బావ: రాదు. అలారం వచ్చాక నువ్వు దాని మీద నొక్కితే ఎక్కడికి తీసుకెళ్తుంది?

తమ్ముడు: ఆ టుయర్ పేజీకి.

బావ: ఫర్నేసు చుట్టూ అది ఎన్నో టుయరో, పక్కదాని సంగతేమిటో ఆ పేజీలో తెలుస్తుందా?

తమ్ముడు: వెనక్కొచ్చి చూడాలి.

బావ: అదీ. వెనక్కొచ్చి చూడాల్సిన పని ఉన్నంతకాలం అది జూమ్ కాదు. టుయర్లన్నీ నిజానికి కొలిమి చుట్టూ గుండ్రంగా ఉన్నాయి. నేల లేదన్నావు ఇందాక. ఆ గుండ్రమే నీ నేల. అది పరిచి దాని మీద దిగు, అప్పుడు నీ తెరని నేనే పట్టికలో రాస్తాను.

తమ్ముడు: గాలి, నీళ్లు, కరెంటు మాత్రం ఆ గుండ్రంలో ఇమడవు. వాటికి నా పేజీలే గతి.

బావ: ఉంచుకో. జూమ్ కాకపోవడం నేరమేమీ కాదు. పేరు మాత్రం తప్పుగా పెట్టకు.

వాళ్లు అక్కడ ఆగారు. ఇక నా తీర్పు నేను చెప్పేస్తాను. తెర మీద వస్తువులు ఎప్పుడూ ఒకే నేల మీద ఒకే చోట ఉండాలి. పగ్గాలు చూసేవాడి చేతిలో ఉండాలి. దగ్గరికి వెళ్లేకొద్దీ కొత్త సంగతి తెలియాలి. ఈ మూడూ పరిశోధకులు ఎప్పుడో చెప్పినవే, బావవి కావు. వీటితో పేరు తేలుతుంది. కానీ ఈ మూడింటిలో నెగ్గిన పడవ తెరే దిబ్బని దాచింది. కాబట్టి దూరం జరిగినప్పుడు ఏది చెరిగిపోకూడదో ముందే ఒకరు తేల్చి, ఆ నిర్ణయానికి జవాబుదారీగా ఉన్నారా అన్నది నాకు వాటికన్నా పెద్ద పరీక్ష. ఓడ చార్టులో ఆ ఒకరు ఉన్నారు, నియమం ఉంది. కంట్రోల్ రూములో ఉన్నారు. మనం రోజూ వాడే ఫోను మ్యాపులో ఎవరున్నారు? దూరం జరుగుతుంటే ఏ పేటల పేర్లు ముందు పోవాలో, ఏ దుకాణం పేరు చివరిదాకా మిగలాలో ఎక్కడో ఎవరో తేల్చారు. మనల్ని అడగలేదు.

ఒకసారి మీ ఫోనులో మ్యాపు తెరవండి. విశాఖ పెదజాలరిపేట దగ్గరో, మీ ఊరి దగ్గరో మొదలుపెట్టి మెల్లగా దూరం జరగండి. మీ ఊరి పేరు ఏ మెట్టు మీద చెరిగిపోయిందో, అప్పటికింకా ఏ పేరు మిగిలి ఉందో చూడండి. మీరు తెరలు తయారుచేసే ఉద్యోగంలో ఉంటే, ఆ మెట్టు ఎవరు నిర్ణయించారో రేపు ఆఫీసులో అడగండి.